ద్రాక్షరసం మరక

అరోరా ఊళ్ళోని తెలుగు చర్చిలో ప్రభు బల్ల మీది నారగుడ్డ తెల్లగా మెరిసిపోతోంది. పోయిన నెల ద్రాక్షరసం ఒలికిన మరక జాడే లేదు. పాస్టరుగారు మాత్రం గుడ్డకి చెయ్యి తగలకుండా గిన్నె ఎత్తారు.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా పాస్టరుగారి భార్య పర్సిస్ చుట్టూ మూగారు.

"మా నవోమి ఉతికింది. కాలేజీలో మధ్యయుగపు ఇళ్ళ గురించి చదువుతోందిగా! బూడిద నీళ్ళు, గడ్డి మీద ఎండ, అంతే. శనివారం మీ దుప్పట్లు కూడా తెచ్చెయ్యండి," అంది పర్సిస్.

కార్‌లో నవోమి నోరు విప్పింది. "మమ్మీ, బూడిదతో మరక పోలేదు. అప్పటివాళ్ళు నిలవ మూత్రంలో నానబెట్టేవాళ్ళు."

పర్సిస్ సీటుబెల్టు పెట్టుకుంది. "ఇంకెవరికి తెలుసు?"

"డాడీకి. వారమంతా బకెట్ నింపింది ఆయనేగా."

"శనివారం పది దుప్పట్లొస్తున్నాయి," అంది పర్సిస్. "ఆయనొక్కరే చాలరు."