ఆరుతుందన్న ఒక్క మాట

“ఆ మంట ఎప్పటికైనా ఆరుతుందని ఒక్క మాట చెప్పు నాయనా. చాలు. ప్రార్థన తర్వాత చేద్దువుగానీ.”

పాస్టరు బైబిలు ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. పెద్దావిడ చేతిలో పాలగ్లాసు ఎప్పుడో చల్లారిపోయింది. మంచం మీద ఆవిడ భర్త కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఇక లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపించేశారు. నొప్పికైతే మందుంది. ఆయన్ని తినేస్తున్నది నొప్పి కాదు.

ఒక్కగానొక్క కొడుకు, మోటారు మెకానిక్కు. ‘దేవుడూ లేడు, దయ్యమూ లేదు, నన్నొదిలెయ్యండి’ అని చర్చి మానేశాడు. ఆ మాట వెనక్కి తీసుకునే వ్యవధి కూడా దొరకలేదు పాపం, బండి మీద పోతూ లారీ కింద పడ్డాడు. అప్పటి నుంచీ తండ్రికి కంటి మీద కునుకు లేదు. నోరు తెరిస్తే ఒకటే ప్రశ్న.

“వాడింకా నరకంలో కాలుతూనే ఉన్నాడా?”

పెద్దావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “దేవుడు మరీ అంత చెడ్డవాడు కాడని నాకైతే కాస్త ఆశ ఉంది నాయనా. ఈయనకి అదీ లేదు.”

“దేవుడు న్యాయవంతుడమ్మా…”

“ఆ ముక్క ఈయనకీ తెలుసులే. మంట సంగతి చెప్పు.”

“నిత్యాగ్ని అని రాసి ఉందమ్మా.”

“పాపానికి దేవుడు కాల్చేసిన సొదొమ పట్నం మీద పడిందీ నిత్యాగ్నేనని రాసి ఉందిగా. మరి ఇప్పుడు అక్కడ మంట ఉందా? కాల్చడానికి ఏమీ మిగలకపోతే ఎంత మంటైనా ఆరి చావాల్సిందే. బతుకంతా పొయ్యి ముందు గడిపినదాన్ని, నాకు చెప్పకు. నా బిడ్డ కాలి బూడిదైపోయాడని చెప్పు, ఓర్చుకుంటాను. ఇంకా కాలుతున్నాడని మాత్రం అనకు.”

పాస్టరు తల వంచుకున్నాడు. మంచం వైపు చూడలేకపోయాడు.

“చదువుకునే రోజుల్లో నేనూ ఈ సొదొమ మాటే అడిగానమ్మా. మాస్టారు నన్ను క్లాసు అయ్యేదాకా నిలబెట్టారు. ‘రేపు ఎవరి ఏడుపో చూసి జాలిపడి, నరకాన్నే ఆర్పేసేలా ఉన్నావురా నువ్వు’ అన్నారు. ఎన్నడూ అలా చెప్పనని అందరి ముందూ మాట తీసుకున్నారు.”

“మాస్టారు పొరపాటు పడకూడదా? ఆయనేం ఆకాశం నుంచి ఊడిపడ్డాడా?”

“నాకు వాక్యం నేర్పిన మనిషమ్మా. ఇప్పుడు మార్చి చెబితే ముందు వారే నన్ను నమ్మరు.”

“నీకంటే ఆ గోడ నయం! అదీ ఓదార్చదు. కానీ ఓదార్చడానికి వచ్చానని చెప్పుకోదు.”

పాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. బైబిలు తీసుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెళ్ళలేక అక్కడే ఆగిపోయాడు.

“నన్ను చంపకండమ్మా. మాస్టారు ఒప్పుకుంటే తప్ప నా నోట ఆ మాట రాదు.”

మంచం మీదున్న మాస్టారు కళ్ళు తెరిచి, చేతులు రెండూ ఎలాగో పైకెత్తి, తన శిష్యుడికి దణ్ణం పెట్టాడు.