చొక్కాకు గుచ్చిన బొమ్మ

సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, పల్చటి దుప్పటి పెట్టింది ఆమె. అన్నిటికన్నా పైన పలక, సుద్దముక్కలు పెట్టింది.

గొంతు ఆపరేషనయ్యాక ఆయనకు మాట లేదు. ఏం కావాలన్నా పలక మీద రాయాల్సిందే.

అలమారులోంచి విగ్గు ఉన్న గుండ్రటి డబ్బా తీసింది. "మరి ఇది?"

ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఎవరైనా చూస్తేనో?"

ఆయన బోడితల నిమురుకుని నవ్వాడు. ఆ కాస్త నవ్వుకే ఆయాసం వచ్చింది. లేచిన దగ్గర్నుంచీ అంతే. ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో చేర్చమన్నాడు డాక్టరు.

టాక్సీ దొరికేసరికి మధ్యాహ్నమైంది. ఆమె తలుపుకు తాళం వేసి, వేసిన తాళాన్ని మళ్ళీ మళ్ళీ లాగి చూసింది.

డ్రైవరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కాకు ఒక బొమ్మ గుచ్చుకున్నాడు. బొమ్మలోని మనిషికి ఒత్తయిన ఉంగరాల జుట్టు, నల్ల కళ్ళద్దాలు. ఆమె దానివంకే చూడటం గమనించాడు.

"తెలీదా అమ్మా? పాత పాటలాయన, మన నల్లద్దాలాయన... పొద్దున్నే పోయారు."

ఆమె ఉలిక్కిపడింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరేంటమ్మా, అందరి ఫోన్లలోనూ అదే!"

వెనక సీట్లో ముసలాయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని డ్రైవరు మెత్తబడ్డాడు.

"పెద్దాయన కూడా అభిమానేనా?"

"ఈయనా? ఆ పాటలు వినీ వినీ విసుగెత్తిపోయారు," అంది ఆమె. "వంతెన మీదుగా పోనియ్ బాబూ. తొందరగా వెళ్ళాలి."

డ్రైవరు వంతెన ఎక్కలేదు. పక్క వీధిలోకి తిప్పాడు.

"ఒక్క దండం పెట్టుకుని పోదామమ్మా. ఆయన బంగళా ఇక్కడే."

"అది ఎప్పుడో అమ్మేశారు కదా!"

"భలేవారే, ఆయన గురించి నాకు తెలీదా?"

మలుపు తిరిగేసరికి వీధి నిండా జనం. వెనక మరో కారు వచ్చి ఆగింది. దాని వెనక బస్సు. ఇక ముందుకూ లేదు, వెనక్కీ లేదు.

జనం పాడుతున్నారు. పైస్థాయికి వెళ్ళేసరికి గొంతులన్నీ తలో దారి పట్టాయి.

ముసలాయన పలక మీద రాసి డ్రైవరుకు చూపించాడు. 'శ్రుతి తప్పారు.'

డ్రైవరుకు ఒళ్ళు మండింది. "ఏడుస్తూ పాడితే తప్పదా మరి? ఏదీ, మీరు పాడి చూపించండి!"

ముసలాయన పలక తుడిచేశాడు.

ఎండ వాలింది. ఆయన ఊపిరి ఈలలా వినబడుతోంది. ఆమె కిటికీలోంచి చేతులు జోడించింది.

"బాబూ, ఆసుపత్రికి వెళ్ళాలి. మా ఆయనకు ఊపిరాడటం లేదు. కాస్త దారివ్వండి నాయనా."

"ఇవాళ ఎవరికి ఆడుతోంది మామ్మగారూ?" అన్నాడు బొమ్మలు పంచుతున్నవాడు. "అంతటి మనిషి పోతే మీ గొడవ మీదేనా?"

అంటూనే కిటికీలోంచి చెయ్యి పెట్టి ముసలాయన చొక్కాకు కూడా ఒక బొమ్మ గుచ్చాడు.

ఆయన తల వంచి దాన్ని చాలాసేపు చూసుకున్నాడు.

ఆమె ఇక ఆగలేకపోయింది. "అయ్యా, వినండి! ఈయన..."

ఆయన అరచెయ్యి ఆమె నోటిని మూసేసింది. చల్లగా ఉంది ఆ చెయ్యి. వద్దని కళ్ళతోనే చెప్పాడు.

అద్దంలో ఆ ముఖం చూసి డ్రైవరుకు మొదటిసారి భయం వేసింది. హారను మీద చెయ్యి తీయకుండా, అడ్డొచ్చినవాళ్ళను తిట్టి, బతిమాలి, ఎలాగో కారును బయటికి లాగాడు.

ఆసుపత్రిలో నర్సు కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. ముసలాయన చొక్కాకున్న బొమ్మను తీసి డ్రైవరు చేతిలో పెట్టింది.

"పాపం, ఈయనకూ అంత అభిమానమా! పేరు చెప్పండమ్మా."

ఆమె చెప్పింది.

నర్సు ఆగిపోయింది. "అదేమిటమ్మా... ఆయన పొద్దున్నే పోయారుగా!"

"పొద్దున్న నేను ఆ సంచి సర్దుతుంటే పక్కన కూర్చుని నవ్వుతున్నారమ్మా."

సంచి పట్టుకుని నిలబడ్డ డ్రైవరు, తన చేతిలోని బొమ్మనూ, మంచం మీది బోడితలనూ మార్చి మార్చి చూశాడు.

"అక్కడే ఒక్క మాట చెప్పుంటే దారిచ్చేవాళ్ళు కదమ్మా!"

"చెబితే వదిలేవాళ్ళా నాయనా? ఇంకా మీద పడేవాళ్ళు."

పొద్దున్నే పోయాడని ఊరంతా ఏడ్చిన ఆ పాటగాడు, ఆ సాయంత్రం వీధి దీపాలు వెలిగే వేళకు పోయాడు. మరి ఇంటికి రాలేదు.