ఎత్తే చేతులు

"గట్టిగా పిండు మామ్మా," అంటూ నర్సు నా చేతిలో రబ్బరు బంతి పెట్టింది. ఎంత పిండినా బంతి అణగలేదు.

"గుడ్లు, పప్పు తింటున్నావా?"

"మానేశానమ్మా. వాటి ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలుంటాయట. అవి తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందని టీవీలో చెప్పారు."

"ఆ మాట నడివయసు వాళ్ళకి! నీ వయసులో మానేస్తే కండ కరిగిపోతుంది. అయినా ఇంకా ఎన్నాళ్ళు బతుకుదామనీ?" నర్సు నవ్వింది.

నేను తలుపు వైపు చూశాను. అక్కడ చక్రాల కుర్చీలో నా కూతురుంది. దానికి పుట్టుకతోనే నడక లేదు. రోజూ మంచం మీంచి ఎత్తేది నేనే. ఇవాళ పొద్దున నా చేతుల్లోంచి జారిపడితే దాని నుదురు చిట్లింది.

"దీనికి నేనుండాలి కదమ్మా," అన్నాను.

"ఉంటే చాలదమ్మా, ఎత్తాలి కూడా," అంది నా కూతురు నుదుటి కట్టు సవరించుకుంటూ. "ఇంటికెళ్ళగానే గుడ్లు ఉడకేద్దాం. ఒలిచేది నేను, తినేది నువ్వు."