మొదటి ప్రశ్న

ఆవిడ మొగుడికి ఊరి పిల్లలందరికీ దారి చూపడం వచ్చు గానీ, ఇంటిదారే గుర్తుండదు. చీకటి పడ్డా రాకపోయేసరికి, సణుక్కుంటూ ఆవిడే అతని కెరీర్ కౌన్సెలింగ్ గదికి వెళ్ళింది.

లోపల అతను ఎవరినో ఇంటర్వ్యూ చేస్తున్నాడు.

"నీకేమిష్టం, తల్లీ?"

వచ్చిన ప్రతి పిల్లనీ అతను మొదట అడిగేది అదే. జవాబుగా కాగితం మీద పెన్సిల్ గీస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఆవిడ తొంగిచూసింది. ఎదుటి కుర్చీ ఖాళీ. అతని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. చప్పుడు ఆగలేదు.

బొమ్మలేస్తానని ఏడ్చిన కూతురిని లెక్కల చదువులోకి తోసింది అతనే. ఆ చదువుకని చేర్చిన హాస్టల్ నుంచి పిల్ల ప్రాణాలతో తిరిగి రాలేదు.

"దాన్నీ ఇలాగే అడిగుంటే ఏం పోయేదండీ?" అంది ఆవిడ గుమ్మంలోంచి.

పెన్సిల్ ఆగింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడతను, ఖాళీ కుర్చీతో.