సాయంత్రపు గొంతు

వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఓ కుర్రాడు ఆకొక్ కేకు తింటున్నాడు. తియ్యటి కోడిగుడ్ల వాసన గుమ్మం దాకా వచ్చింది.

రంజాన్ నెల, మిట్టమధ్యాహ్నం. నలుగురి ఎదుటే తింటున్నాడు.

సుహాదాకు ఒళ్లు మండింది.

ఆమెకు పదహారేళ్లు. మూత్రపిండాల జబ్బు చదువు మాన్పించింది, మందులు ముఖాన్ని ఉబ్బించాయి. ఉపవాసం వద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. అయినా తల్లిని బతిమాలి, ఆయనకు తెలియకుండా ఉంటోంది. జబ్బు లాక్కోలేకపోయింది అదొక్కటే.

సాయంత్రం ఆసుపత్రి మసీదు మైకులో కాస్త బొంగురు గొంతుతో అజాన్ వినిపిస్తుంది. అప్పుడు ఖర్జూరం నోట్లో వేసుకుంటుంది. ఆ గొంతు వింటే నొప్పి కూడా కాసేపు ఊరుకుంటుంది. ఎవరో పుణ్యాత్ముడైన పెద్దాయన అయి ఉంటాడని ఆమె నమ్మకం.

"ఏం అబ్బాయ్, దుక్కలా ఉన్నావుగా. నాలాంటిదాన్నే ఉపవాసం ఉన్నాను. నీకేం వచ్చింది రోగం?" అంది గుమ్మంలోంచి.

కుర్రాడు గబగబా మూతి తుడుచుకున్నాడు.

"తప్పయింది చెల్లీ. పక్కకెళ్లి తింటాలే." నోటి నిండా ఉండి మాట సరిగా రాలేదు.

"పక్కకెళ్తే అల్లాకు కనపడవా?"

బెంచీ చివర కూర్చున్న ముసలావిడ కిసుక్కున నవ్వింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. మిగిలింది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని, తలొంచుకుని వెళ్లిపోయాడు.

ఆ పూట సుహాదాకు నీరసం కూడా తెలియలేదు.

"వాడి మొహం చూడాల్సిందమ్మా."

"మనకెందుకే. ఎవరి కష్టం ఏమిటో," అంది తల్లి.

పొద్దు వాలుతుండగా వరండాలో పరుగులు వినిపించాయి. కాసేపటికి నర్సు రోస్ లోపలికొచ్చింది.

"ఏమైందక్కా?"

"ఎదురు వార్డులో అజ్రీ అని ఓ పిల్లాడు, మెట్ల మీద పడిపోయాడు. చిన్నప్పటి నుంచీ షుగరు. సూది వేసుకున్నాక తినకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఆకొక్ సగం తిని జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు మానేశాడో మరి."

"బతుకుతాడా?"

"ఇంకా తెలివి రాలేదు. ఐసీయూకి తీసుకెళ్లారు."

తల్లి కూతురి వంక చూసింది. తిట్టినా బాగుండేది. సుహాదాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ మురిసిపోయిన ఉపవాసం తనకే అసహ్యమనిపించింది.

రోస్ పక్క మంచం దగ్గరికి వెళ్లాక, తల్లి చెయ్యి పట్టుకుంది సుహాదా.

"అమ్మా, అజాన్ అవగానే కిందికెళ్లి ఆ పెద్దాయన్ని అడుగు. ఆ అబ్బాయి కోసం దువా చేయమను. ఆయన అడిగితే అల్లా కాదనడు. తప్పు నాదేనని కూడా చెప్పు."

"చెప్తాలే. ఏడవకు."

కిటికీ అవతల చీకటి పడింది. ఖర్జూరం చేతిలో చెమటకు తడిసింది. మైకు మూగగానే ఉంది.

"పిన్నీ, టైము దాటిపోయింది. ఉపవాసం విడవండి," అంది రోస్, సుహాదా తల్లితో.

"ఇంకా అజాన్ ఇవ్వలేదుగా అక్కా," అంది సుహాదా.

రోస్ కళ్లు తుడుచుకుంది.

"ఇంకెవరిస్తారమ్మా. రోజూ ఇచ్చేది ఆ పిల్లాడేగా."