ఆఖరి గడి

"రెక్కలు కొట్టెయ్. బొగ్గుబాయిల అది రెక్కలు ఏం జేసుకుంటది?" అన్నాడు రాజం, కాగితం మీద వేలు పెట్టి.

సంపత్ రబ్బరుతో డ్రాగన్ రెక్కలు చెరిపేశాడు. "మరి నోట్ల మంట?"

"మంట గూడ వద్దు. మంట కనవడితే ఉరుకుతం గద. కనవడకుంట ఉంటేనే భయం."

సకల జనుల సమ్మె ముగిశాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. ఆదివారం మధ్యాహ్నం గోదావరిఖనిలో కుక్కలు కూడా రోడ్డెక్కడం లేదు. రాజం క్వార్టరు వెనక రేకుల పందిరి కింద ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. లోపల కూలర్ ఉంది. అయినా రాజం స్లాబు కింద కూర్చోడు, పడుకోడు. ఉక్కపోస్తుందంటాడు. వానాకాలంలో కూడా ఆయనకు ఉక్కే.

ఈ ఆటను సంపత్ మైనింగు డిప్లొమా చదివేటప్పుడు హాస్టల్లో అంటించుకొచ్చాడు. కాగితాలూ పాచికలూ ముందేసుకుని ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు అందులో వీరులై రాక్షసులతో తలపడతారు. రాక్షసులను తయారు చేసుకోవాల్సింది కథ నడిపేవాడే. ఒక్కో రాక్షసుడికి ఒక్కో కాగితం, దాని నిండా గడులు: బరువెంత, ఎప్పుడొస్తుంది, ఎట్లా చంపుతుంది. రాజం కూతురు సహస్ర కూడా ఆదివారాలు వాళ్లతో ఆడేది. ఇంత పెద్ద చదువులు చదివి ఈ పిల్లచేష్టలేమిటని రాజం నవ్వేవాడు. ఇవాళ సహస్ర రామకృష్ణాపూర్ పోయింది. అది తెలిసీ సంపత్ వచ్చాడు, డ్రాగన్ తయారీకి సాయం చెయ్యమన్నాడు. రాజం నవ్వలేదు.

నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? రేపు ఫస్టు షిఫ్టుకు సంపత్ మొదటిసారి గనిలోకి దిగుతున్నాడు. వాళ్ల నాన్న ఎల్లేశం, రాజం ఒకప్పుడు జోడీగా పనిచేసినవాళ్లు. పదకొండేళ్ల కింద గని పైకప్పు కూలి ఎల్లేశం పోయాడు. ఒక్క క్షణంలో ప్రాణం పోయిందనీ, నొప్పి కూడా తెలిసి ఉండదనీ ఇంటికొచ్చి ఎల్లేశం భార్య సమ్మవ్వకు చెప్పింది రాజమే. ఆ తర్వాత నడుం నొప్పని చెప్పి సర్ఫేసు డ్యూటీ వేయించుకున్నాడు. నిరుడు రిటైరయ్యేదాకా మళ్లీ కిందికి దిగలేదు.

ఇప్పుడు ఎల్లేశం కొడుకు దిగుతున్నాడు. వారం నుంచి రాజంకు అన్నం సయించడం లేదు. జాగ్రత్తలు చెప్పబోతే సంపత్ తల ఊపి సెల్‌ఫోను చూసుకుంటాడు. అదే డ్రాగన్ సంగతైతే పెన్సిలు పట్టుకుని రాసుకుంటున్నాడు. ఇట్లాగైనా చెవికెక్కితే చాలుననుకున్నాడు రాజం.

"బరువెంత రాయాలె కాకా?"

"లెక్కకు రాదు. పైన పండుకోని ఉంటది. నువ్వు దాని కడుపు కిందనే పని జేస్తుంటవ్."

"వచ్చేముందు తెలుస్తదా?"

"తెలుస్తది. కప్పు కింద నిలబెట్టిన టింబరు కర్రలు కిర్రుమంటయి. సన్న రాళ్లు రాల్తయి. అన్నిటికంటె ముందుగాల ఎలుకలు ఉరుకుతయి. ఎలుక ఉరికిందంటే నువ్వు గూడ ఉరుకు. టిఫిను డబ్బ కోసం ఆగకు."

సంపత్ చెయ్యి స్థిరంగా రాసుకుపోతోంది. రాజం పందిరి అవతల దారి వైపు చూశాడు.

"మిగిలినోళ్లు ఏరి? పాచికలు గూడ తేకపోతివి."

"వస్తరు తియ్. ముందు ఇది కానియ్యి. ఇగ ఆఖరి గడి. దానికి దొరికినోడు ఎంతసేపు బతుకుతడు?"

రాజం నీళ్ల చెంబు అందుకున్నాడు. తాగకుండానే దించాడు.

"చెప్పవైతివి. నేనే రాస్త," అన్నాడు సంపత్. "ఒక్క క్షణం. మీద పడంగనే పాణం పోతది. మిగిలినోళ్లు ఎనుకకు మర్లి చూసుడు అవసరం లేదు."

"అట్ల రాయకు."

"ఎందుకు? ఆటనే గద."

రేపు కప్పు కూలేది ఈ పిల్లవాడి మీదే అయితే? ఇక అయిపోయిందనుకుని వీడు చేతులెత్తేస్తే? చచ్చాడనుకుని పక్కవాళ్లు వెళ్లిపోతే? పదకొండేళ్లుగా రాజం నోట్లోనే ఉంచుకున్న మాట బయటికొచ్చేసింది.

"జల్ది సావడు బిడ్డా. రాళ్ల సందుల ఇంత గాలి ఉంటది. చేతికేది దొరికితే దాంతోని నీళ్ల పైపును కొడ్తడు. మూడుసార్లు కొట్టి ఆగుతడు. మల్ల మూడుసార్లు. నువ్వైనా గట్లనే కొట్టాలె. ఆపద్దు."

"ఎంతసేపు కొడ్తడు?"

"మూడు గంటలు."

సంపత్ పెన్సిలు పక్కన పెట్టాడు. జేబులోంచి పెన్ను తీసి ఆఖరి గడిలో రాశాడు.

"ఆ సప్పుడు ఇన్నోడు పోయి తియ్యరాదా?"

"తియ్యొచ్చు." రాజం నేల వైపు చూశాడు. "కప్పు ఇంకా కిర్రుమంటనే ఉంటది. పోవాల్ననే ఉంటది. కాళ్లు రావు."

ఎక్కడో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగింది. పందిరి రేకులు గలగలమన్నాయి. రాజం ఉలిక్కిపడి పైకి చూశాడు. సంపత్ మాత్రం ఆయన ముఖాన్నే చూస్తూ, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆటకు ఎవరూ రాలేదు.

"మా బాపు గూడ మూడు గంటలు కొట్టిండా కాకా?"