ఉత్తమ ఆర్ అండ్ బి

"ఈ ఇయర్ బెస్ట్ ఆర్ అండ్ బి ఆల్బమ్ అవార్డుకి నేనూ జడ్జ్‌ని, తాతయ్యా!"

2006లో అమెరికాలోని షామ్‌బర్గ్‌కి, మనవరాలు చంద్రిక ఇంటికి వచ్చిన మల్లికార్జునరావు ఛాతీ ఉప్పొంగింది. ఆర్ అండ్ బి, అంటే రోడ్లు, భవనాల శాఖలో ముప్పై రెండేళ్లు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి.

"రోడ్ల ఫొటోలు ఆల్బమ్‌లో పెట్టి పంపిస్తారా? మా రోజుల్లో స్వయంగా వెళ్లి చూసేవాళ్లమమ్మా!"

చంద్రిక పడీపడీ నవ్వింది. "రోడ్స్ కాదు తాతయ్యా, మ్యూజిక్! రిథమ్ అండ్ బ్లూస్."

ఆయన ముఖం చిన్నబోయింది. బల్లమీద నలభై సీడీలున్నాయి. ఒక్కదానికీ ప్లాస్టిక్ కవరు చింపలేదు. చంద్రిక మాత్రం ఫారంలో చకచకా మార్కులు వేసేస్తోంది.

"వినవా మరి?"

"టైమ్ ఎక్కడుంది? ఈరోజే సబ్మిట్ చెయ్యాలి. ఫేమస్ నేమ్ అయితే టెన్ ఇచ్చేస్తా. అందరూ అంతే."

"ఈ అట్టమీద పిల్లకో?"

"ఎవరో తెలీదు, ఫస్ట్ ఆల్బమ్. త్రీ."

మల్లికార్జునరావు ముఖం మళ్లీ వెలిగింది. కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"మరి మ్యూజిక్ అంటావేమే? ఇది అచ్చం మా ఆర్ అండ్ బీయే! రోడ్డు భేషుగ్గా ఉందని ఎన్ని సంతకాలు పెట్టానో! ఒక్కసారి జీపు దిగితే ఒట్టు."